దండారీలో ప్రేక్షకుడు ఉండడు



దీపావళి దగ్గరపడితే చాలు, మన ఫోన్లన్నీ గుస్సాడీ వీడియోలతో నిండిపోతాయి. నెమలి ఈకల టోపీ, ఒళ్ళంతా బూడిద, భుజాన తోలు, వెనక డప్పు మోత. అర నిమిషం చూస్తాం, ఒక లైక్ కొడతాం, "మన సంస్కృతి" అని కింద రాస్తాం, వేలితో పైకి తోసేస్తాం. ఆ అర నిమిషంలో కనిపించేది గుస్సాడీ వేషం. దాని వెనక ఉన్న దండారీ అందులో కనిపించదు. ఈ పోస్టు ఆ కనిపించని దాని గురించి. కొంచెం పొడుగే ఉంటది, ఓపికగా చదవండి. మన గ్రూపులో గోండులే కాదు, కోలాం, పర్ధాన్, తోటి, కోయ, నాయకపోడు అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. తెలిసినవాళ్ళకు తెలిసిందే మళ్ళీ చెప్పినట్టు అనిపించినా, తెలియనివాళ్ళ కోసం మొదటి నుంచి చెప్పుకొస్తాం.

మేము అడగదలచుకున్న ప్రశ్న ఒక్కటే. ఒక ఆట వందల ఏండ్లు ఎట్లా బతుకుతది? మంచి ఆటగాళ్ళు ఉంటే బతుకుతదా? సర్కారు డబ్బులిస్తే బతుకుతదా? అవార్డులొస్తే బతుకుతదా? మన దండారీని, దాని పక్కన ఇంకో రెండు చోట్ల జరిగిన సంగతులను పెట్టి చూస్తే జవాబు తేటగా కనిపిస్తది.

ముందు దండారీ అంటే ఏంటి

ఆదిలాబాద్, కుమ్రం భీం ఆసిఫాబాద్, మంచిర్యాల, నిర్మల్. ఇప్పుడు నాలుగు జిల్లాలైన మన పాత ఆదిలాబాద్‌లో రాజ్‌గోండులు, కోలాంలు ఆశ్వయుజ పున్నమి దాటినప్పటి నుంచి దీపావళి దాకా దండారీ జరుపుకుంటారు. మొదటి రోజు భోగి. ఏడాది పొడుగునా భద్రంగా దాచిన నెమలి ఈకల టోపీలు, వాయిద్యాలు, గుస్సాడీ సామాను అన్నీ బయటికి తీసి ఏత్మాసుర్ దేవత పేరు మీద పూజ చేస్తారు. ఆ పూజ అయ్యాకే వేషం కడతారు.

గుస్సాడీ తలమీద పెట్టుకునే టోపీని మల్‌బూర అంటారు. గోండీలో మల్ అంటే నెమలి. వందల ఈకలను గుత్తులుగా కట్టి చేస్తారు. అది పెట్టుకుంటే మనిషి మామూలు మనిషి ఎత్తులో ఉండడు. ముఖానికి మసి, ఒంటికి బూడిద, భుజాన మేక తోలో జింక తోలో, మెడలో రుద్రాక్షలు, కాళ్ళకు గజ్జెలు, చేతిలో గంగారాం సోటా. ఆ సోటా తగిలితే రోగం పోతదని మన పెద్దల నమ్మకం. వేషం కట్టినప్పటి నుంచి పండుగ ముగిసేదాకా గుస్సాడీ దీక్షలో ఉన్నట్టే, స్నానం కూడా చేయడు. అందుకే ఆ రోజుల్లో ఊళ్ళో ఎవరూ వాణ్ణి పాత పేరుతో, పాత చనువుతో చూడరు. దేవుడు వచ్చి వాడి మీద ఉన్నాడనే లెక్క. అట్లని వాడు గంభీరంగా కూర్చోడు. ఎగురుతాడు, పిల్లల మీదికి ఉరుకుతాడు, నవ్విస్తాడు, బెదిరిస్తాడు.

ఇక గుస్సాడీ ఒక్కడే దండారీ కాదు. ఆడవేషం కట్టే పోరిక్‌లు ఉంటారు. కోలలు పట్టుకుని చాచోయ్ ఆడే మగవాళ్ళు ఉంటారు. పెప్రె ఊదేవాళ్ళు, తుడుం, డప్పు, గుమేల వాయించేవాళ్ళు ఉంటారు. పర్ధాన్, తోటి అన్నలు లేకుంటే మన కథలే లేవు, పాటే లేదు. ముందుండి నడిపించే గ్రామ పటేల్, దేవారి, మహాజన్ ఉంటారు. వీళ్ళందరి వెనక నడిచే ముసలోళ్ళు, పిల్లలు ఉంటారు. అంటే ఊళ్ళో సగం మంది మేళంలోనే ఉన్నారన్న మాట.

విడిది ఊరి సంగతి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. దండారీ తన ఊళ్ళో తానే ఆడుకునే ఆట కాదు. ఒక ఊరి మేళం ఇంకో ఊరికి పోతది. నడిచో, ఎడ్లబండ్ల మీదో, ఇప్పుడైతే ట్రాక్టర్ల మీదో పోతారు. ముందే కబురు పంపుతారు. మేళం పొలిమేరలోకి వచ్చిందని డప్పు చప్పుడుతోనే తెలిసిపోతది. విడిది ఊరివాళ్ళు తమ మేళంతో ఎదురొస్తారు. రెండు ఊర్ల గుస్సాడీలు ఎదురెదురుగా ఎగురుతారు. ఆడవాళ్ళు నీళ్ళతో, హారతితో వస్తారు, కాళ్ళు కడుగుతారు. ఆ తర్వాత రాత్రంతా ఆట, పాట. పొద్దున ఇంటింటికీ తిరుగుడు. ఎన్ని పదుల మంది వచ్చినా వాళ్ళందరికీ తిండి, పడక విడిది ఊరిదే. ఒక ఇల్లు బియ్యం ఇస్తది, ఒక ఇల్లు పప్పు ఇస్తది, ఇంకో ఇల్లు కట్టెలు తెస్తది. వంట ఊరంతా కలిసి చేస్తది.

ఈ ఏడాది మన ఊరి వాళ్ళు వాళ్ళ ఊరికి పోతే, వాళ్ళు మన ఊరికి రావాల్సిన బాకీ ఒకటి మిగులుతది. అది డబ్బుతో తీరే బాకీ కాదు. మళ్ళీ ఆట ఆడించుకుని, అన్నం పెట్టుకుని తీర్చుకోవాలి. అట్లా తీరిస్తే ఇంకో బాకీ మొదలైతది.

పోయే ఊరు కూడా ఊరికే తోచిన ఊరు కాదు. మన గోండుల్లో నాలుగు దేవుళ్ళ వాళ్ళు, ఐదు దేవుళ్ళ వాళ్ళు, ఆరు దేవుళ్ళ వాళ్ళు, ఏడు దేవుళ్ళ వాళ్ళు అని నాలుగు సగలు ఉన్నాయి కదా. ఒకే సగలో పెళ్ళి కుదరదు, వేరే సగ వాళ్ళతోనే వియ్యం. దండారీ పోయే ఊర్లు చాలావరకు వియ్యం అందుకునే ఊర్లు, లేదా అందుకోదగ్గ ఊర్లు. పెద్దలు పొయ్యి దగ్గర కూర్చుని సంబంధాలు మాట్లాడుకుంటారు, పిల్లలు ఆటలో ఒకరినొకరు చూసుకుంటారు. పాత తగాదాలు ఉంటే అక్కడే తెగుతాయి. చాలామంది దారిలో గూడిరేవు పోయి, గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకోకు మొక్కి వస్తారు. కాకో అంటే అమ్మమ్మ. దేవతను కూడా మనం చుట్టరికం పెట్టే పిలుస్తాం.

దీపావళి తర్వాత కోలాబొడి. వేషాలు విప్పి, సామానుకు పూజ చేసి దాచిపెడతారు. పండుగ అయిపోతది.

ఈ మొత్తం లెక్కలో ఊరికే కూర్చుని చూసేవాడు ఎక్కడన్నా కనిపించాడా? లేడు. ఒక రోజు మనం ఆడతాం, వాళ్ళు వండుతారు. ఇంకో రోజు వాళ్ళు ఆడతారు, మనం వండుతాం. చూసేవాడు కూడా విడిది ఇచ్చినవాడే. టికెట్టు లేదు, కుర్చీ లేదు, స్టేజీ లేదు. ఆట బతికింది ఈ ఏర్పాటు వల్లనే అని మేము అనుకుంటున్నాం. ఎందుకట్లా అనుకుంటున్నామో చెప్పడానికి మన అడవి దాటి రెండు చోట్లకు పోదాం. రెండూ ఆరుబయట పెద్ద బొమ్మలతో ఆడిన ఆటలే.

బొమ్మ మిగిలింది, ఆట పోయింది

మొదటిది మన తెలుగు నేల మీదిదే, తోలుబొమ్మలాట. మేక తోలును అద్దంలా పల్చగా చేసి, రంగులేసి, రాముణ్ణి, రావణాసురుణ్ణి, హనుమంతుణ్ణి చేస్తారు. మన దేశంలో నీడబొమ్మలాటలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి గానీ, బొమ్మ సైజులో తెలుగువాళ్ళవే అన్నిటికంటే పెద్దవి. కొన్ని దాదాపు మనిషంత ఉంటాయి. ఊరి బయట గుంజలు పాతి తెల్ల గుడ్డ కడతారు, వెనక దీపాలు పెడతారు. పొద్దుగూకినాక మొదలైతే తెల్లారేదాకా ఆట. గుడ్డ వెనక కుటుంబమంతా ఉంటది. భర్త ఒక బొమ్మ, భార్య ఒక బొమ్మ, కొడుకు మద్దెల, కూతురు తాళం. యుద్ధం వచ్చినప్పుడు కాళ్ళ కింద చెక్కలు తొక్కి టకటకమని చప్పుడు చేస్తారు. మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి మోటు హాస్యంతో నిద్రపోయేవాళ్ళను లేపుతారు.

ఈ ఆట ఆడే కుటుంబాలు చాలావరకు ఇంట్లో మరాఠీ కలిసిన మాట మాట్లాడేవాళ్ళు. వాళ్ళు ఊరూరా తిరిగేవాళ్ళు, ఊరు వాళ్ళను నిలిపేది. ఆటకు దీపాల నూనె, మేళానికి తిండి, పోయేటప్పుడు ధాన్యం, పాత బట్టలు, అన్నీ ఊరివే. వానలు రాకుంటే తోలుబొమ్మలాట ఆడిస్తే వానలు పడతాయని నమ్మేవాళ్ళు, అందుకు ఊరంతా చందా వేసుకునేది. అంటే అక్కడ కూడా చూసేవాడు ఆటలో ఒక పాలు మోసేవాడే. అన్నం పెట్టేవాడు, నూనె పోసేవాడు, వాన కోసం మొక్కుకున్నవాడు.

తర్వాత సినిమా వచ్చింది, టీవీ వచ్చింది. ఊరు తన పాలు మానేసింది. ఆటగాళ్ళకు చేతకాక ఆట పోలేదు. ఒకప్పటి అనంతపురం జిల్లా, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అని ఊరుంది. అక్కడి కళాకారుల చేతిపని ఇప్పటికీ గొప్పది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. కానీ అక్కడ ఇప్పుడు ఎక్కువగా తయారయ్యేవి ఏంటి? తోలు దీపాల తొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు. అవి కొనేవాళ్ళు ఉన్నారు, రాత్రంతా ఆట పెట్టించేవాళ్ళు కరువయ్యారు. బతకడానికి ఆ పని చేస్తున్న కుటుంబాలను మనం ఒక్క మాట అనడానికి లేదు. వాళ్ళు చేతిని కాపాడుకున్నారు. నిలబడని వాడు ఊరివాడు.

దీని నుంచి మనం పట్టుకోవాల్సిన మాట: విడిది ఇచ్చే ఊరు లేకుంటే బొమ్మ మిగిలినా ఆట మిగలదు. రేపు మన మల్‌బూర టోపీ కూడా ఏదో హోటల్ గోడమీద అందంగా వేలాడొచ్చు. కొన్ని చోట్ల ఇప్పటికే వేలాడుతున్నది.

ఆటను మించిన గుంపు

రెండోది చాలా దూరంది, అమెరికా. అక్కడి సంగతి మనకెందుకు అనుకోకండి. మనకు పుట్టుకతో ఉన్నదాన్ని కొందరు కష్టపడి కొత్తగా కట్టుకోవాలని చూశారు, వాళ్ళకు ఎదురైంది మనకూ ఎదురయ్యేదే.

పీటర్ షూమన్ అని జర్మనీ నుంచి పోయిన కళాకారుడు 1963లో న్యూయార్క్‌లో ఒక బొమ్మలాట బృందం పెట్టాడు. పేరు 'బ్రెడ్ అండ్ పప్పెట్', అంటే రొట్టె, బొమ్మ. పేరులోనే ఉంది చూడండి, ఆటకు ముందు అన్నం. షూమన్ తానే రొట్టె కాల్చి, దాని మీద వెల్లుల్లి ముద్ద రాసి వచ్చినవాళ్ళందరికీ పంచేవాడు. కడుపుకు రొట్టె ఎంత అవసరమో మనిషికి కళ అంత అవసరం అని అతని మాట. కాగితం గుజ్జు, అట్టలు, గోనె గుడ్డ, పాత చీరల్లాంటి బట్టలతో ఇంటంత ఎత్తు బొమ్మలు చేసేవాళ్ళు. ఒక్కో బొమ్మను మోయడానికి ముగ్గురు నలుగురు కావాలి, ఒకరు తల, ఇద్దరు చేతులు. వియత్నాం యుద్ధం వద్దని అమెరికా రోడ్ల మీద ఊరేగింపులు జరిగినప్పుడు ఈ బొమ్మలు ముందు నడిచాయి.

1970లో వాళ్ళు పట్నం విడిచి వెర్మాంట్ అనే కొండల రాష్ట్రానికి పోయారు. 1970ల మధ్య నుంచి గ్లోవర్ అనే పల్లెలో ఒక పాత పొలమే వాళ్ళ చోటు. అక్కడ ఒకప్పుడు కంకర తవ్విన గుంత ఉంది, చుట్టూ గట్టు, మధ్యలో మైదానం. ప్రతి ఎండాకాలం ఆ గుంతలో పెద్ద ఆట పెట్టేవాళ్ళు. ఆడేది ఎవరు? జీతగాళ్ళు కాదు. చుట్టుపక్కల రైతులు, విద్యార్థులు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మామూలు మనుషులు వందల మంది. కొన్ని రోజులు ముందే వచ్చి, బొమ్మ మోయడం నేర్చుకుని, కలిసి తిని, కలిసి ఆడేవాళ్ళు. టికెట్టు లేదు. ఇష్టముంటే ఇచ్చిన చందాతోనే నడిచేది.

వింటుంటే మన దండారీ లాగానే లేదా? అన్నం ఉంది, మేళం ఉంది, ఆరుబయలు ఉంది, పెద్ద వేషం ఉంది. కానీ ఒకటి లేదు. వచ్చినవాడికి తిరిగి తీర్చాల్సిన బాకీ లేదు. వచ్చాడు, చూశాడు, రొట్టె తిన్నాడు, పోయాడు. వచ్చేవాళ్ళు ఏటేటా పెరిగారు. వేలు దాటి పదుల వేలయ్యారు. చుట్టుపక్కల పొలాల్లో గుడారాలు, తాగుడు, బొమ్మలాటతో సంబంధమే లేని జాతర. ఆడేవాళ్ళు వందల్లో, చూసేవాళ్ళు పదుల వేలల్లో. 1998లో ఆ గుడారాల దగ్గర కొట్లాట జరిగి ఒక మనిషి చనిపోయాడు. షూమన్ ఆ పెద్ద ఆటను అంతటితో ఆపేశాడు. తర్వాత అదే పొలంలో ఎండాకాలం వారం వారం చిన్న ఆటలు పెట్టుకున్నారు. చిన్నగా చేసుకున్నారు గనకే బృందం నిలిచింది.

అంటే ఆట రెండు రకాలుగా ఆగుతది. తోలుబొమ్మలాటకు ఊరు రాక ఆగింది. గ్లోవర్ గుంతలో ఊరు కానివాళ్ళు మరీ ఎక్కువ వచ్చి ఆగింది. ఒకచోట విడిది ఇచ్చేవాడు లేడు, ఇంకోచోట విడిది ఇచ్చేవాడి కంటే చుట్టపుచూపు వాడు ఎక్కువయ్యాడు. ఈ రెండు గుంతల మధ్య సన్నని బాట మీద మన దండారీ నడుస్తున్నది.

మన బాట ఎట్లా వచ్చింది

ఇప్పుడు మన చరిత్రకు వద్దాం. ఆశ్వయుజ పున్నమి అంటే మనకు ఇంకో గుర్తు కూడా ఉంది. కుమ్రం భీం వర్ధంతిని జోడేఘాట్‌లో ఆ పున్నమి రోజే జరుపుకుంటాం. 1940లో నిజాం పోలీసుల తూటాలకు భీం, ఆయనతోటి వాళ్ళు నేలకొరిగారు. జల్, జంగల్, జమీన్ కోసం. అమరులకు దండం పెట్టుకున్న కాలంలోనే దండారీ కూడా మొదలైతది. దుఃఖం, ఆట ఒకే పక్షంలో పక్కపక్కన ఉంటాయి. బయటివాళ్ళకు వింతగా ఉండొచ్చు. మనకు అది అలవాటే.

జోడేఘాట్ తర్వాత నిజాం సర్కారు భయపడి, అసలు వీళ్ళ బాధ ఏంటో చూడమని ఆస్ట్రియాకు చెందిన హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల కోసం శిక్షణ కేంద్రం పెట్టించారు. భూముల పట్టాల కోసం సర్కారుకు రాశారు. వాటితో పాటు మన పండుగలు, ఆటలు, కథలు రాసుకున్నారు, ఫొటోలు తీశారు. ఆ ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో ఉన్నాయి. భార్యాభర్తల సమాధులు మాత్రం మార్లవాయిలోనే ఉన్నాయి. ఎనభై ఏండ్ల కింద మన తాతల ఆట ఎట్లా ఉండేదో చూడాలంటే లండన్ వైపు చూడాల్సి రావడం మనకు గర్వమా, బాధా? రెండూ.

తర్వాత స్టేజీ వచ్చింది. అదే మార్లవాయి నుంచి కనకరాజు తాత వచ్చాడు. 1980ల మొదట్లో గుస్సాడీ మేళాన్ని ఢిల్లీ గణతంత్ర వేడుకలకు తీసుకుపోయి, ప్రధాని ఇందిరాగాంధీ ముందు ఆడించాడు. అడవి దాటని ఆట దేశం ముందు నిలబడింది. ఆ తర్వాత ఎన్నో ఏండ్లు పిల్లలకు నేర్పించాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆదిలాబాద్ అంటే వెనకబాటే అనుకునే లోకానికి గుస్సాడీ కనకరాజు అనే పేరు తెలిసింది. 2024 అక్టోబర్‌లో, దండారీ రోజుల్లోనే ఆయన పోయాడు. స్టేజీ ఎక్కడం చెడ్డపని అని ఈ పోస్టు చెప్పడం లేదు. ఆయన ఎక్కకుంటే చాలామందికి మనం ఉన్నామనే తెలిసేది కాదు.

కానీ ఆ కాలాన్నే ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. భూముల గురించి సభ పెట్టుకుందామని వేల మంది గోండులు వచ్చారు. సభకు అనుమతి లేదన్నారు. కాల్పులు జరిగాయి. సర్కారు లెక్క 13 మంది. మన ఊర్ల లెక్క దానికి ఎన్నో రెట్లు. ఢిల్లీలో మన టోపీకి చప్పట్లు కొట్టిన కాలం, ఇంద్రవెల్లిలో మన తలలకు గురిపెట్టిన కాలం ఒక్కటే.

దీన్ని పగ పెంచడానికి గుర్తు చేయడం లేదు. ఒక తేడా తెలుసుకోవడానికి. మనం వేషం కట్టుకుని, వరసలో నిలబడి, చెప్పినంతసేపు ఆడి దిగితే అందరికీ నచ్చుతది. మనమే పిలుచుకుని, మనమే వండుకుని, మనమే మాట్లాడుకునే గుంపు అయితే అందరికీ నచ్చదు. దండారీ ఆ రెండో రకం గుంపు. అందులో ఆట ఉంది, దాంతో పాటు ఊరు ఊరితో మాట్లాడుకోవడం ఉంది. వియ్యం, తగాదా, భూమి, పంట, పిల్లల చదువు, అన్నీ ఆ పొయ్యి దగ్గరే మాటకొస్తాయి. స్టేజీ మీదికి గుస్సాడీ పోగలడు. పొయ్యి పోలేదు.

ఇప్పుడు ఎక్కడ తెగుతున్నది

మాకు కనిపిస్తున్నవి నాలుగు చెప్తాం. మీ ఊర్లలో వేరేగా ఉంటే కింద రాయండి.

ఒకటి, మనమే. అవును, హాస్టల్ పిల్లలం. లెక్క చూడండి. దసరా దశమి నాడు. పున్నమి దానికి ఐదు రోజుల తర్వాత. దసరా సెలవులు అయిపోయి బడులు తెరుచుకునేదీ, ఊళ్ళో దండారీకి సామాను దింపేదీ దాదాపు ఒకే వారం. దీపావళికి సెలవు ఒక్క రోజు. ఆశ్రమ పాఠశాలలో ఐదో ఏట చేరి, డిగ్రీ దాకా హాస్టళ్ళలో చదివినవాడు మొత్తం దండారీని ఎన్నిసార్లు చూసి ఉంటాడు? భోగి చూస్తే కోలాబొడి చూడడు, కోలాబొడి చూస్తే భోగి చూడడు. చదువు కావాలి, అందులో మాటే లేదు. కానీ చదువు కోసం మనం విడిచిపెడుతున్నది ఏంటో లెక్కన్నా ఉండాలి కదా.

రెండు, వాయిద్యం. గుస్సాడీ వేషానికి పోటీపడే పిల్లలు చాలామంది ఉన్నారు, ఫొటోలో పడేది అదే గనక. పెప్రె నేర్చుకుంటా అనేవాడు కరువు. పెప్రె, కాలికోం ఊదేవాళ్ళు, కీక్రి వాయిస్తూ కథ చెప్పేవాళ్ళు ఎక్కువగా పర్ధాన్, తోటి పెద్దలు. వాళ్ళ వయసు మీద పడుతున్నది. కొన్ని చోట్ల వాళ్ళ బదులు డీజే పెట్టె వస్తున్నది. డీజేకు ఏ కథా తెలియదు. వాళ్ళకు మన ఇంటిపేర్ల పుట్టుక దగ్గర నుంచి తెలుసు.

మూడు, టోపీ. నెమలిని చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద పెద్ద శిక్ష. అది ఉండాల్సిందే. మన పెద్దలు కూడా రాలిన ఈకలే ఏరి దాచేవాళ్ళు. రాలిన ఈకలు వాడుకోవడానికి దేశంలో అడ్డు లేదు, విదేశాలకు పంపడమే నేరం. ఈ తేడా తెలియక మేళాలు భయపడకూడదు. కానీ అడవి పల్చబడితే నెమలి ఎక్కడిది, ఈక ఎక్కడిది? టోపీ కాపాడుకోవడం అంటే అడవి కాపాడుకోవడమే.

నాలుగు, బయటి డబ్బు. సర్కారు ఇప్పుడు దండారీ మేళాలకు కొంత సాయం చేస్తున్నది. మంచిదే, తీసుకోవాలి. మన పన్నుల డబ్బే అది. కానీ ఆ డబ్బుతో వంటవాణ్ణి, టెంటువాణ్ణి పెట్టుకుని, ఇంటింటి బియ్యం ఎత్తడం మానేస్తే మాత్రం మనం నిమ్మలకుంట బాటే పడతాం. ఇంటికో సోలెడు బియ్యం అంటే తిండి లెక్క ఒక్కటే కాదు. ఆ సోలెడు బియ్యంతో ఆ ఇల్లు దండారీలో పాలు తీసుకుంటది. పాలు లేని ఇల్లు ప్రేక్షకుడి ఇల్లు అయిపోతది.

మనం చేయగలిగింది

పెద్ద పెద్ద మాటలు వద్దు. విద్యార్థులుగా మన చేతిలో ఉన్నవి చెప్తాం.

దసరా సెలవుల్లో రెండు మూడు రోజులు తగ్గించి, భోగికి, కోలాబొడికి స్థానిక సెలవు ఇవ్వమని ఐటీడీఏకు, జిల్లా అధికారులకు అర్జీ పెట్టుకుందాం. ఒక్కరు రాస్తే పక్కన పెడతారు. ప్రతి హాస్టల్ నుంచి సంతకాలతో పోతే చదువుతారు. సెలవులు పెంచమని అడగడం లేదు, జరపమని అడుగుతున్నాం.

ఊరికి పోయినవాళ్ళు ఫోన్ తీసినప్పుడు గుస్సాడీ ఎగరడం ఒక్కటే తీయకండి. పెప్రె ఊదే తాత వేళ్ళు తీయండి, ఆయన ఏ రాగం ఎప్పుడు ఊదుతాడో అడిగి రికార్డు చేయండి. తుడుం దరువు ఊరు దాటేటప్పుడు ఎట్లా మారుతదో పట్టుకోండి. మీ ఊరి మేళం ఏ ఏట ఏ ఊరికి పోయిందో, వాళ్ళు మళ్ళీ ఎప్పుడు వచ్చారో అవ్వలను, తాతలను అడిగి ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఆ నోట్‌బుక్కే మీ ఊరి చరిత్ర పుస్తకం. లండన్‌లో కాదు, మీ ఇంట్లోనే ఉంటది.

కాలేజీ ఫంక్షన్లలో గుస్సాడీ వేషం అద్దెకు తెచ్చి, సినిమా పాటకు ఎగిరే పని మనవాళ్ళు చేయొద్దు. బయటివాళ్ళు అడిగితే మర్యాదగా చెప్పండి, ఇది పూజ చేసి కట్టే వేషం అని. నిజంగా చూడాలని ఉన్నవాళ్ళను ఊరికి పిలవండి. పిలిచినప్పుడు ఒక పని అప్పజెప్పండి. కట్టెలు మోయమనండి, వడ్డించమనండి, రాత్రి చాచోయ్ వరసలో నిలబడమనండి. చుట్టం అయినవాడు ఊరికే కూర్చోడు.

ఇక మన గ్రూపులో ఉన్న కోయ, నాయకపోడు తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. మీ కొమ్ములాటలో, మీ జాతరల్లో కూడా ఇట్లాంటి లెక్క ఉంటది. ఎవరు ఎవరికి ఏం ఇస్తారు, ఏ ఊరు ఏ పని మోస్తది, ఏ ఇంటిపేరుకు ఏ హక్కు. డోలు కొట్టే చేతిని చూసినట్టే ఆ లెక్కను కూడా చూసి రాయండి. ఇక్కడే పోస్టు చేయండి, మేము చదువుతాం, మా వాళ్ళకు చదివి వినిపిస్తాం.

వచ్చే పున్నమికి మీ ఊరి మేళం ఏ ఊరికి పోతున్నదో ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి అడగండి. ఆ ఊళ్ళో చదువుకుంటున్న మనవాళ్ళు ఎవరన్నా ఈ గ్రూపులోనే ఉండొచ్చు. కింద రెండు ఊర్ల పేర్లు రాయండి. విడిది ఊరివాళ్ళు బియ్యం ఎంత కావాలో ముందే చూసుకుంటారు.

జై జంగో, జై లింగో. జై సేవా.